టమాట శాండ్‌విచ్‌లో తప్పు మీ చేతిది కాదు, పండుది

మీరు అడిగింది ఇదీ. అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రంలోని షార్లెట్‌కి వచ్చి ఏడాది కూడా కాలేదు, జులై మొదలైనప్పటి నుంచి ఆఫీసులో అందరూ టమాట శాండ్‌విచ్, టమాట శాండ్‌విచ్ అని కలవరిస్తున్నారు, సరే చూద్దామని మూడుసార్లు చేశారు, మూడుసార్లూ బ్రెడ్ తడిసి ముద్దయింది, తింటే చప్పగా నీళ్ళు నమిలినట్టుంది, చివరికి మీ ఆయన దాని మీద ఆవకాయ వేసుకుని తినేశారు. "ఇందులో ఏముందని వీళ్ళు ఇంత ఇదైపోతున్నారు, నేనేమైనా తప్పు చేస్తున్నానా" అని.

చేస్తున్నారు. ఒకటి కాదు, మూడు. కానీ అందులో పెద్దది వంటింట్లో జరగలేదు, షాపులో జరిగింది. మీరే రాశారు, "ఎర్రగా, గట్టిగా ఉన్నవి ఏరి తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టాను" అని. అక్కడికే మీ శాండ్‌విచ్ పని అయిపోయింది. ఆ తర్వాత మీరు ఏ బ్రెడ్ వాడినా, ఏ మయోనీస్ రాసినా శవానికి అలంకారమే.

ఎందుకో కాస్త వివరంగానే చెప్తాను, ఎందుకంటే ఈ విషయంలో నాకు రెండు వైపుల అనుభవం ఉంది. మా నాయన మదనపల్లె పక్కన టమాట రైతు. నేను 2005 నుంచి ఇదే నార్త్ కరోలినాలో, రాలీ పక్కన కేరీలో ఉంటున్నాను, ఏటా పెరట్లో పదిహేను ఇరవై మొక్కలు వేస్తాను. ఇంట్లో అందరూ దీన్ని పిచ్చి అంటారు, జులైలో మాత్రం ఎవరూ అనరు.

మొదటి శాండ్‌విచ్ నాకు పక్కింటి పెద్దావిడ పెట్టింది. 2006 ఆగస్టు, నేను చెమటలు కక్కుకుంటూ గడ్డి కోస్తున్నాను, ఫెన్సు దగ్గర నిలబడి రమ్మని చెయ్యి ఊపింది. ఎనభై దాటిన మనిషి, వాళ్ళది పొగాకు పండించిన కుటుంబం. వంటింట్లోకి తీసుకెళ్ళి, కిటికీ గట్టు మీద తలకిందులుగా బోర్లించి పెట్టిన నాలుగు పండ్లలో ఒకటి తీసింది. ఒక్కోటి మా ఊళ్ళో నాలుగు కాయలంత ఉంది. తొడిమ చుట్టూ పగుళ్ళు, ఒక పక్క ఇంకా పచ్చటి చార, చూడ్డానికి ఏమాత్రం అందంగా లేదు. నాకైతే లోపల నవ్వొచ్చింది, ఇలాంటివి మా మండీలో ఉచితంగా ఇచ్చినా తీసుకోరు కదా అని. మెత్తటి తెల్ల బ్రెడ్ రెండు ముక్కలు పలక మీద పెట్టి, రెండిటికీ అంచుల దాకా మయోనీస్ దట్టంగా పట్టించింది. పండుని అడ్డంగా వేలెడు మందాన కోసింది. బ్రెడ్ మీద ఒకే ఒక్క చక్రం పట్టింది, అంతే వెడల్పు. దాని మీద ఉప్పు చల్లి, మిరియాలు కళ్ళు మూసుకుని దంచినట్టు వేసి, మూసి, కోయకుండానే చేతికిచ్చింది. ప్లేట్ లేదు. సింకు వైపు చూపించింది, అక్కడ నిలబడి తినమని.

నేను ఇంతేనా అనుకుంటూ కొరికాను. రసం మోచేతి దాకా కారింది. సింకు ఎందుకు చూపించిందో అప్పుడర్థమైంది. పులుపు, తీపి, ఉప్పు మూడూ ఒకేసారి తగిలాయి, ఆ వెనకాల మయోనీస్ వెన్నలా, బ్రెడ్ ఉందో లేదో తెలియనంత మెత్తగా. మా చేలో గట్టు మీద కూర్చుని, పగిలిన పండుని లుంగీకి తుడిచి, అమ్మ సద్దిమూటలో పెట్టిన ఉప్పు అద్దుకుని తిన్న రుచి అది. ఆ రుచి ముప్పై ఏళ్ళ వయసులో, దాదాపు పద్నాలుగు వేల కిలోమీటర్ల అవతల, ఒక తెల్లావిడ సింకు దగ్గర మళ్ళీ తగులుతుందని నేనైతే అనుకోలేదు.

ఇక్కడ అసలు కిటుకు ఆ పగులే. మా నాయన కాయ కోసేటప్పుడు మూడు రకాలుగా కోయించేవాడు. దూరం లారీకి పోవాల్సినవి అప్పుడే రంగు తిరుగుతున్న దోరకాయలు, దగ్గర ఊళ్ళకి పోయేవి సగం ఎరుపు, సంతకి పోయేవి పండువి. చెట్టు మీదే నిండా పండి, ఒక వాన పడగానే నోరు తెరిచిన కాయలు మాత్రం దేనికీ పనికిరావు, క్రేటులో ఒకటి పడితే పక్కవాటిని కూడా పాడు చేస్తుంది. అవి ఇంటికి వచ్చేవి. పప్పులోకి, పచ్చడిలోకి, మా పిల్లల నోట్లోకి. అమ్ముడుపోని కాయే అన్నిటికంటే రుచి అని మాకు అప్పుడే తెలుసు, కానీ అది మా పేదరికం అనుకున్నాం తప్ప అదృష్టం అనుకోలేదు. టమాట శాండ్‌విచ్ అంటే ఆ కాయతో చేసేది. ప్రయాణం చెయ్యలేని కాయతో. మీరు ప్రయాణం చెయ్యడానికే పుట్టిన కాయతో చేశారు.

సూపర్‌మార్కెట్ టమాటలో ఏం జరుగుతుందో చూడండి. ఉదాహరణకి ఫ్లోరిడాలో చలికాలం పండే వాటిలో ఎక్కువ భాగం పచ్చికాయగానే కోస్తారు, ముదిరిన పచ్చికాయ అన్నమాట. తర్వాత గదుల్లో పెట్టి ఇథిలిన్ గ్యాస్ వదిలితే ఎరుపు వస్తుంది. ఇందులో విషం ఏమీ లేదు, టెన్షన్ పడకండి, పండు తనంతట తాను మాగినా వదిలేది ఆ గ్యాసే. కానీ చెట్టు నుంచి రావాల్సిన చక్కెర మధ్యలో ఆగిపోయింది కదా, రంగు వచ్చినంత మాత్రాన రుచి రాదు. తొందరపడి కోసి మాగబెట్టిన మామిడికాయ పైకి పసుపుగా ఉండి లోపల పుల్లగా చప్పగా ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు.

దీనికి ఇంకో కథ ఉంది. నాటు రకాల్లో కాయ పచ్చిగా ఉన్నప్పుడు తొడిమ చుట్టూ ముదురు ఆకుపచ్చ రంగు ఉంటుంది, పండాక కూడా అక్కడ కాస్త పచ్చగానో పసుపుగానో మిగులుతుంది. కొనేవాళ్ళకి అది నచ్చదు, కాయంతా ఒకే ఎరుపు కావాలి. అందుకని దశాబ్దాలుగా బ్రీడర్లు కాయంతా ఒకేలా లేతాకుపచ్చగా ఉండి ఒకేలా ఎర్రబడే రకాలనే ఎంచుకుంటూ వచ్చారు. 2012లో సైంటిస్టులు దాని వెనకున్న జన్యువేదో పట్టుకున్నారు. చూస్తే, ఆ ముదురు పచ్చదనం ఊరికే లేదు, కాయ తన కోసం తాను కొంత చక్కెర తయారు చేసుకునే సరంజామా అది. అందం కోసం ఆ జన్యువు పాడైన రకాలను ఎంచుకుంటూ పోతే, దాంతోపాటు కొంత తీపీ పోయింది. మా పక్కింటావిడ పండు మీద ఆ పచ్చటి చార చూసి నేను నవ్వుకున్నానే, అదన్నమాట.

ఇక ఫ్రిజ్. దీని గురించి ఇంట్లో ఎన్ని గొడవలు పడ్డానో. ఫ్లోరిడా యూనివర్సిటీ వాళ్ళు 2016లో ఒక పరిశోధన బయటపెట్టారు, పండిన టమాటల్ని 5 డిగ్రీల దగ్గర వారం రోజులు పెట్టి బయటికి తీసి, ఒక రోజు మామూలు గదిలో ఉంచి కొలిచారు. చక్కెర, పులుపు పెద్దగా మారలేదు. వాసననిచ్చే పదార్థాలు మాత్రం బాగా పడిపోయాయి, బయట పెట్టాక కూడా మొత్తం తిరిగి రాలేదు, ఎందుకంటే చలికి ఆ వాసనల్ని తయారు చేసే జన్యువులే కొన్ని మూతబడిపోయాయి. టమాట రుచిలో సగం ముక్కుకి తెలిసేదే. పప్పులోకి, రసంలోకి అయితే ఫ్రిజ్‌లో ఉన్నది చాలు, పోపు, ఇంగువ, కరివేపాకు ఉన్నాయి కాచుకోవడానికి. శాండ్‌విచ్‌లో దాన్ని కాచుకునేవాళ్ళు ఎవరూ లేరు. కాబట్టి పండుని గది వేడిలోనే ఉంచండి, తొడిమ వైపు కిందకి పెట్టి, ఒకదాని మీద ఒకటి పడకుండా. మూడు రోజుల్లో తినేయండి. మరీ మెత్తబడి రేపటికి ఉండదు అనిపిస్తే అప్పుడు ఫ్రిజ్‌లో పెట్టి ఎల్లుండి పప్పు చేసుకోండి.

మరి పండు ఎక్కడ దొరుకుతుంది అంటే, షార్లెట్‌లో యార్క్‌మాంట్ రోడ్డు మీద రీజినల్ ఫార్మర్స్ మార్కెట్ ఉంది, రాష్ట్ర వ్యవసాయ శాఖ నడిపేది. మాకు రాలీలో లేక్ వీలర్ రోడ్డు మీద ఉన్నట్టే. అక్కడ కూడా కళ్ళు తెరుచుకునే కొనాలి, ప్రతి బల్ల మీదా సొంత పంటే ఉండాలని లేదు. నేను అమ్మేవాళ్ళని రెండే ప్రశ్నలు అడుగుతాను: ఇది ఎప్పుడు కోశారు, దీని పేరేంటి. సొంతంగా పండించినవాడు రెండిటికీ తడుముకోకుండా చెప్తాడు, పైగా ఆపమన్నా ఆపడు. తర్వాత పండు చేతిలోకి తీసుకోండి. సైజుకి మించి బరువుగా ఉండాలి. తొడిమ దగ్గర వాసన చూడండి, టమాట ఆకు వాసన రావాలి, ఆ ఘాటు వాసన తెలుసు కదా, మొక్కని ముట్టుకుంటే చేతికి అంటుకుని పోదు. బొటనవేలితో నొక్కితే లొంగాలి, కానీ గుంట పడకూడదు.

పేర్ల విషయానికొస్తే, ఈ పక్క శాండ్‌విచ్ కోసం జనం పడిచచ్చేవి కొన్ని ఉన్నాయి. చెరోకీ పర్పుల్ ఒకటి, పేరుకి తగ్గట్టు వంకాయ కలిసిన ఎరుపు, తొడిమ దగ్గర పచ్చగా ఉంటుంది. దీని విత్తనాలు 1990లో టెనెసీ నుంచి ఒక పెద్దమనిషి కవరులో పెట్టి క్రెయిగ్ లెహూలియర్ అనే ఆయనకి పంపితే, ఆయన పండించి ఈ పేరు పెట్టాడు. ఆయన తర్వాత రాలీలోనే చాలా ఏళ్ళు ఉండి టమాటలు పండించాడు కాబట్టి మేం దీన్ని మా ఊరి కాయలాగే చెప్పుకుంటాం. జర్మన్ జాన్సన్ ఇంకోటి, గులాబీ రంగు, కండ ఎక్కువ, పులుపు తక్కువ. మార్ట్‌గేజ్ లిఫ్టర్ అని ఇంకోటి ఉంది, అంటే తాకట్టు విడిపించేది అన్నమాట. వెస్ట్ వర్జీనియాలో లోగన్ అనే ఊళ్ళో రేడియేటర్లు బాగుచేసుకునే ఒకాయన 1940ల్లో దీన్ని తయారు చేసి, మొక్క ఒక డాలర్ చొప్పున అమ్మి ఇంటి అప్పు ఆరు వేల డాలర్లు తీర్చేశాడని చెప్పుకుంటారు. ఈ కథ నేను ఫోన్‌లో చెప్తే మా నాయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత "టమాట వేసి అప్పు తీర్చినోడు ఉన్నాడంట్రా" అని అమ్మని పిలిచి మరీ చెప్పాడు. ఒకసారి క్రేటుకి బస్తా సిమెంట్ ఖరీదు వచ్చి, ఇంకోసారి కోత కూలి కూడా రాక రోడ్డు పక్కన పారబోసిన చోట బతికిన మనిషికి అది నమ్మశక్యం కాదు మరి.

ఈ పేర్లేవీ దొరక్కపోతే బెటర్ బాయ్ లాంటి మామూలు హైబ్రిడ్ అయినా, తోటలో పండి నిన్న కోసింది అయితే చాలు. పేరు చూసి మోసపోయినవాళ్ళే ఎక్కువ. సూపర్‌మార్కెట్‌లో కూడా ఇప్పుడు హెయిర్‌లూమ్, అంటే తరతరాల నాటు రకం, అని రాసి మూడింతలు ధర పెడుతున్నారు, కోసి ఎన్నాళ్ళయిందో ఆ దేవుడికే తెలియాలి. రోమా జాతి పొడుగు కాయలు మాత్రం వద్దు, అవి పచ్చడికి, సాస్‌కి. వాటిలో గింజల గుజ్జు తక్కువ. మనం ఆ గుజ్జే కదా అని తీసి పారేస్తాం కానీ 2007లో ఇంగ్లండ్‌లో రెడింగ్ యూనివర్సిటీ వాళ్ళు కొలిస్తే, మాంసానికి, పుట్టగొడుగులకి ఆ కమ్మదనాన్నిచ్చే గ్లుటమేట్ టమాటలో కండలో కంటే గింజల చుట్టూ ఉన్న గుజ్జులోనే ఎక్కువగా ఉంది. మీరు బ్రెడ్ తడుస్తుందని గింజలు తీసేశానన్నారు. అది మీ రెండో తప్పు.

బ్రెడ్ తడవడం గురించి ఇప్పుడు. మీరు సాయంత్రం తినడానికి మధ్యాహ్నమే చేసి, డబ్బాలో పెట్టారు. ఇది మూడో తప్పు, దీనికి మందు లేదు. ఉప్పు పడగానే టమాట నీరు వదులుతుంది, ఉల్లిపాయ ముక్కల మీద ఉప్పు చల్లితే చూస్తారు కదా. బ్రెడ్‌కీ ఆ నీటికీ మధ్య గోడ ఒక్కటే, మయోనీస్‌లో ఉన్న నూనె. అందుకే రెండు ముక్కలకీ రాయాలి, అందుకే అంచుల దాకా రాయాలి. మధ్యలో ఒక చెంచా వేసి పులిమితే అంచుల్లోంచి తడి ఎక్కేస్తుంది. ఆ గోడ కూడా ఐదు నిమిషాలే ఆగుతుంది, కాబట్టి చేసిన చోటే, చేసిన మనిషే, అప్పటికప్పుడే తినాలి. నలుగురు ఉంటే నలుగురికీ వరసగా చేసి ఇవ్వాల్సిందే, అట్లు వేసినట్టు. మొదటివాడు రెండోవాడి కోసం ఆగితే మర్యాద మిగులుతుంది, శాండ్‌విచ్ మిగలదు.

ముందే ముక్కలకి ఉప్పు రాసి పది నిమిషాలు కాగితం మీద ఆరబెట్టండి అని చెప్పేవాళ్ళున్నారు. నేను చేసి చూశాను, బ్రెడ్ తడవదు, నిజమే, కానీ ఆ కాగితం పిండితే వచ్చేదే అసలు రుచి. ఆఫీసుకి పట్టుకెళ్ళాలంటే బ్రెడ్, మయోనీస్, పండు, ఒక చిన్న కత్తి, పొట్లంలో ఉప్పు విడివిడిగా పట్టుకెళ్ళండి. నేను అలాగే చేస్తాను. మొదట్లో నవ్వారు, ఇప్పుడు ఆగస్టులో నా డెస్క్ చుట్టూనే తిరుగుతుంటారు.

బ్రెడ్ విషయంలో మన చదువుకున్నవాళ్ళకి ఒక అహం ఉంటుంది, తెల్ల బ్రెడ్ అంటే ఆరోగ్యం కాదని. మిగతా పదకొండు నెలలు గోధుమ బ్రెడ్ తినండి, నేను కాదనను. ఈ ఒక్కదానికి మాత్రం అన్నిటికంటే చవకైన, నొక్కితే దూదిలా లోపలికి పోయే తెల్ల బ్రెడ్ కావాలి. గట్టి బ్రెడ్ పెడితే మీరు కొరికే జోరుకి టమాట వెనక నుంచి జారి కింద పడుతుంది. పుల్లటి సవర్‌డో కూడా వద్దు, టమాటకి ఉన్న పులుపు చాలు. టోస్ట్ చేయాలా వద్దా అని ఇక్కడ కుటుంబాలే రెండుగా చీలిపోతాయి. నా ఓటు వద్దనే, అంగుడికి గీసుకుంటుంది. మరీ మెత్తగా ఉంటే ఇష్టం లేనివాళ్ళు ఒక పక్క మాత్రమే పెనం మీద వెచ్చబెట్టి, కాలిన పక్కని లోపలికి తిప్పి మయోనీస్ రాసుకోండి, మా అబ్బాయి అలా చేస్తాడు, బాగానే ఉంటుందని ఒప్పుకోక తప్పదు.

మయోనీస్ అంటే ఈ దక్షిణాది రాష్ట్రాల్లో డ్యూక్స్ తప్ప ఇంకో మాట మాట్లాడనివ్వరు. సౌత్ కరోలినాలో గ్రీన్‌విల్ ఊళ్ళో యుజీనియా డ్యూక్ అనే ఆవిడ 1917లో, మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో, పక్కనే ఉన్న సైనిక శిబిరంలో శాండ్‌విచ్‌లు చేసి అమ్మేది. తర్వాత శాండ్‌విచ్ కంటే లోపలి మయోనీస్‌కే పేరొచ్చి, సీసాల్లో పెట్టి అమ్మింది. దాంట్లో చక్కెర వేయరు, పులుపు కాస్త ముందుంటుంది, అందుకే పండులో ఉన్న తీపి విడిగా తెలుస్తుంది. వేరేవాటిలో వేసే కొంచెం చక్కెర కూడా టమాట దగ్గర తేడా చూపిస్తుంది. మన దేశంలో గుడ్డు లేకుండా చేసే మయోనీస్ చాలావరకు మరీ తియ్యగా ఉంటుంది, దాంతో మాత్రం చేయకండి.

గుడ్డు తిననివాళ్ళ సంగతేంటి అంటే, మా ఇంట్లోనే ఉంది ఆ సమస్య. మా ఆవిడ శనివారం గుడ్డు ముట్టదు, మార్కెట్‌కి వెళ్ళి మంచి పండ్లు తెచ్చేది సరిగ్గా శనివారమే. తనకి వెన్న రాసిస్తాను. ఫ్రిజ్‌లోంచి తీసిన గట్టి వెన్న కాదు, బయట పెట్టి మెత్తబడింది, అదీ దట్టంగా. నిజం చెప్పాలంటే వెన్నతో చేసింది మయోనీస్‌ది కంటే వేరే రుచి, తక్కువ రుచి కాదు. గట్టి పెరుగు గుడ్డలో వేలాడదీసి దాంతో కూడా ఒకసారి ప్రయత్నించాం. పులుపు మీద పులుపు, పైగా పెరుగులో నీళ్ళు బ్రెడ్‌కి ఎక్కాయి. అది వదిలేయండి.

ఇప్పుడు మన నాలుక సంగతి. మనకి శాండ్‌విచ్ అంటే బొంబాయి బండి మీది శాండ్‌విచ్. పచ్చి చట్నీ, ఆలూ, కీర, బీట్‌రూట్, ఉల్లిపాయ, పైన చాట్ మసాలా. అది గొప్ప తిండి, నేను దానికి భక్తుణ్ణి, కానీ అందులో టమాట పది మందిలో ఒకడు. ఇక్కడ ఒక్కడే. మీరు ఉల్లిపాయ వేసిన క్షణం అది ఉల్లిపాయ శాండ్‌విచ్ అయిపోతుంది, పచ్చిమిర్చి వేస్తే ఇక చెప్పేదేముంది. మొదటి రెండేళ్ళు నేనూ కారప్పొడి చల్లుకునేవాణ్ణి. ఒక రోజు ఇంట్లో కారప్పొడి అయిపోయి ఉప్పు మిరియాలతో తిన్నాను, రెండేళ్ళు ఏం పోగొట్టుకున్నానో తెలిసింది. బంగినపల్లి పండు కోసుకుని దాని మీద ఏమైనా చల్లుతామా? ఈ పండుని ఆ లెక్కలో పెట్టుకోండి, కూరగాయల లెక్కలోంచి తీసేసి. అన్నట్టు అమెరికా సుప్రీంకోర్టు 1893లో దిగుమతి సుంకం కేసులో టమాట కూరగాయే అని తీర్పిచ్చింది, జడ్జీలు ఆగస్టులో తిని ఉంటే ఏమనేవాళ్ళో.

బేకన్, అంటే పంది మాంసం, వేసుకుంటే బీఎల్‌టీ (బేకన్, లెట్యూస్ ఆకు, టమాట శాండ్‌విచ్) అవుతుంది, అది వేరే తిండి, నీచు తినేవాళ్ళు విడిగా చూసుకోవచ్చు.

మా అమ్మ 2014లో ఇక్కడికొచ్చినప్పుడు చేసిపెట్టాను. ఆవిడకి బ్రెడ్ అంటే జ్వరమొచ్చినప్పుడు తినేది. పైన ముక్క తీసి పక్కన పెట్టి, టమాట చక్రం వేళ్ళతో తీసుకుని తినేసి, "కాయ మన చేనిదానిలా ఉంది, దీనికి ఈ రొట్టె ఎందుకురా" అంది. తర్వాత ఆ రసం, మయోనీస్ అంటుకున్న బ్రెడ్‌ని వృథా ఎందుకని తిని, ఆగి, ఇంకోటి చెయ్యమంది. ఉన్న రెండు నెలల్లో రోజూ పొద్దున పదకొండింటికి అదే. మా ఆవిడ వేడిగా అన్నం వండి పెడుతుంటే ఈవిడ సింకు దగ్గర నిలబడి బ్రెడ్ తినడం, ఇద్దరి మధ్యా దాని మీద చిన్న యుద్ధం కూడా జరిగింది, అది ఇక్కడ రాయను.

ఇండియా నుంచి చదివేవాళ్ళకి ఒక మాట. ఇక్కడ వేసవి అంటే జులై, ఆగస్టు, పగలు 32 డిగ్రీలు దాటినా రాత్రి కాస్త దిగుతుంది. మీ మే నెల టమాటతో ఇది చేసి నన్ను తిట్టకండి. రాత్రి 24 డిగ్రీల కంటే దిగకపోతే, పగలు 35 దాటితే పుప్పొడి పని చేయక పూత రాలిపోతుంది, నిలబడ్డ కాయకి కూడా 30 దాటిన వేడిలో ఎరుపు సరిగా ఎక్కదు, పసుపు మచ్చలతో తోలు గట్టిపడి పండుతుంది. మన తెలుగు నేల మీద ఈ శాండ్‌విచ్‌కి సీజన్ డిసెంబరు నుంచి ఫిబ్రవరి, సంక్రాంతికి అటూ ఇటూ. రైతుబజారులో సన్నపాటి గట్టి హైబ్రిడ్ కాయల పక్కన, గోతం పట్టా మీద ఎవరో ఒక ముసలావిడ చారల నాటు టమాటలు పోసుకుని కూర్చుంటుంది చూడండి, అవి. చిన్నవి కాబట్టి ఒక శాండ్‌విచ్‌కి నాలుగైదు చక్రాలు పడతాయి, పులుపు ఎక్కువ కాబట్టి వెన్న రాస్తేనే బాగుంటుంది.

మీకు పెరడు ఉందన్నారు కాబట్టి వచ్చే ఏడాదికి రెండు మొక్కలు వేసుకోండి. ఏప్రిల్ మధ్య దాకా మంచు పడుతుంది, తొందరపడొద్దు. కాండం సగం దాకా మట్టిలో పాతితే పక్క నుంచి వేర్లు వస్తాయి. ఎనిమిది గంటల ఎండ, మొక్క మొదలు చుట్టూ ఎండు గడ్డి కప్పు, ఆకులు తడపకుండా నీళ్ళు. నీళ్ళు ఒక రోజు ముంచి నాలుగు రోజులు ఎండబెడితే కాయ అడుగు నల్లగా కుళ్ళుతుంది, జనం పురుగు మందులు కొడతారు కానీ అది పురుగు కాదు, తడి నిలకడగా లేక కాయకి కాల్షియం అందకపోవడం. ఉడతలు దోరకాయ దశలోనే కొరికిపోతాయి. వాటితో పోరాడి ఓడిపోయాక నేను నేర్చుకున్నదేంటంటే, కింద కొద్దిగా గులాబీ రంగు తిరగగానే కోసి ఇంట్లో బల్ల మీద పెట్టేయొచ్చు. ఆ దశ దాటాక చెట్టు ఇవ్వాల్సింది దాదాపు ఇచ్చేసి ఉంటుంది, రుచిలో నాకైతే తేడా తెలియలేదు. దోరకాయ వేరు, పచ్చికాయ వేరు, మా నాయన లెక్క ఇక్కడ కూడా పనికొచ్చింది.

ఈ ఏడాదికి మాత్రం మార్కెటే. బల్ల ముందు పేర్చిన నున్నటి పండ్ల దగ్గర ఆగిపోకండి. బల్ల కిందో, వెనకో ఒక అట్టపెట్టె ఉంటుంది, పగిలినవి, వంకరవి, ఒక పక్క మెత్తబడినవి. సెకండ్స్ ఉన్నాయా అని అడగండి, సగం ధరకి ఇస్తారు. పగులు దగ్గర నల్లబడిందో బూజు పట్టిందో చూసుకోండి, ఎండి గట్టిపడిన పగులైతే భయం లేదు. ఇంటికి వచ్చాక రంపం పళ్ళ కత్తితో పగిలిన మేర తీసేసి, అడ్డంగా కోసుకుని, సింకు దగ్గర మీరొకటి, మీ ఆయనొకటి. ఆయన్ని మొదటిది ఉప్పుతోనే తినమనండి, రెండోదానికి ఆవకాయ అడిగితే ఇవ్వండి. శనివారం అయితే పొద్దున్న ఎనిమిదిన్నరలోపే వెళ్ళండి, పదింటికల్లా ఆ పెట్టె ఖాళీ. దాని కోసం వచ్చేవాళ్ళలో మనవాళ్ళే ఎక్కువ, నిల్వ పచ్చడికని పెట్టెకి పెట్టె ఎత్తుకుపోతారు.